ఆగనమ్మ నీళ్ళలో ఆగిన ఏడాది

ఆమె ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తుంది. శబ్దం చొరబడని గదిలో రోగి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాడు. గాజు కిటికీకి ఇవతల ఆమె మీటలు నొక్కుతుంది. సన్నని కూత వినిపించినప్పుడల్లా అతను చెయ్యెత్తాలి. ఆమె తల కదిలినా, కనుబొమ్మ లేచినా అది చూసి చెయ్యెత్తేస్తాడు. అందుకని రోజుకు పది పన్నెండు సార్లు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు, ఆమె బొమ్మలా కూర్చోవాలి. పద్దెనిమిదేళ్ళు అలాగే కూర్చుంది. బల్ల కింద కుడికాలు మాత్రం ఆడుతూనే ఉండేది.

డ్యూటీ దిగాక ఆ కాలు ఆమెను ఇల్లంతా తిప్పేది. మడతపెట్టిన బట్టలే మళ్ళీ మడతపెట్టేది. భర్త సగం తాగిన కప్పు పట్టుకుపోయి కడిగేసేది. తోటివాళ్ళు ఆమెకు ఆగనమ్మ అని పేరు పెట్టారు. భర్త సిటీ బస్సు డ్రైవరు, ఇంటికొచ్చాక సోఫాలోంచి లేవడమంటే గిట్టని మనిషి. ఆయన ఆమెను కాలుకాలిన పిల్లి అనేవాడు. నలభై ఒకటో ఏట ఎవరో వాడి వదిలేసిన రేసు సైకిల్ ఒకటి కొనుక్కుంది. మొదటి ఆదివారం ముప్ఫై కిలోమీటర్లు తొక్కి వచ్చి, మధ్యాహ్నం కుర్చీలోనే నిద్రపోయింది. ఆమె పగలు నిద్రపోవడం ఎన్నడూ ఎరగని భర్త కంగారుపడి తట్టి లేపాడు.

నలభై నాలుగో ఏట ఆమె మూడు పోటీలకు పేరిచ్చింది. మార్చిలో రెండు వందల కిలోమీటర్ల సైకిల్ సవారీ. జూన్‌లో చిన్న ట్రయథ్లాన్, అంటే ఈత, వెంటనే సైకిల్, ఆ వెంటనే పరుగు. సెప్టెంబరులో అదే పెద్దది: రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ ఈత, తొంభై కిలోమీటర్ల సైకిల్, ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు, మొత్తం ఎనిమిదిన్నర గంటల్లో.

ఇంట్లో ఇంకో మనిషి అత్తగారు. డెబ్భై మూడేళ్ళు, అరిగిపోయిన మోకాళ్ళు, తక్కువ మాట. కోడలి పరుగులను ఆవిడ మెచ్చుకోనూ లేదు, తప్పుపట్టనూ లేదు. రోజంతా కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వీధిని చూసేది.

మార్చిలో ఎదురుగాలిలో తొమ్మిది గంటల పదకొండు నిమిషాలు తొక్కి సవారీ పూర్తిచేసింది. ఇంటికొచ్చీ రాగానే కిటికీ అద్దాలు తుడవడం మొదలెట్టింది. మెడలో పతకం ఇంకా వేలాడుతూనే ఉంది, మనసు అప్పుడే జూన్‌కి వెళ్ళిపోయింది.

జూన్‌లో దెబ్బ తగిలింది. అంతవరకూ ఆమె ఈదింది కాళ్ళు నేలకందే ఈతకొలనులో. ఇది రిజర్వాయరు. మొహం ముంచితే ఆకుపచ్చని చీకటి తప్ప ఏమీ కనబడలేదు. ఎవరిదో మడమ గడ్డానికి తగిలింది, ఒక గుక్క నీళ్ళు లోపలికి పోయాయి. తొందరగా దాటేద్దామని చేతులు ఇంకా వేగంగా వేసింది. ఎంత వేగంగా వేస్తే అంతగా ఊపిరి బిగుసుకుపోయింది. రెండు వందల మీటర్లు కూడా దాటకముందే కాపలా పడవలోకి లాగేశారు. మిగతావాళ్ళ టోపీలు ఎరుపూ పసుపూ చుక్కల్లా దూరమవుతుంటే, తువ్వాలు కప్పుకుని పావుగంట చూస్తూ కూర్చోవలసి వచ్చింది.

ఆ తర్వాత నెలరోజులు కొలను ఊసెత్తలేదు. దానికి బదులు సైకిలూ పరుగూ రెట్టింపు చేసింది. కాలి బొటనవేలి గోరు ఊడింది. తిండి దగ్గర కూడా నిలబడే ఉండేది. ఒకరోజు ఒక ముసలాయన పరీక్ష కాగితంలో కుడిచెవి గీతను ఎడమచెవికి, ఎడమచెవిది కుడికి వేసేసింది. డాక్టరు చూసి సరిచేయించాడు. కోప్పడలేదు, ఒంట్లో బాగాలేదా అని మాత్రం అడిగాడు. కోప్పడి ఉంటే నయమనిపించింది.

ఆ సాయంత్రం ఆమె అత్తగారికి అంతా చెప్పేసింది. పద్దెనిమిదేళ్ళలో అలాంటి పొరపాటు చేయలేదని, చేతులూ కాళ్ళూ తన మాట వినడం లేదని, నీళ్ళంటే గుండె ఆగిపోతోందని. అత్తగారు చివరిదాకా విని, రేపు నన్ను ఆ కొలనుకి తీసుకెళ్ళమంది.

అత్తగారి నాన్న ఏటి రేవులో పడవ నడిపేవాడట. ఆవిడ పెళ్ళయ్యేదాకా రోజూ ఏరు ఈదిందట. ఆ సంగతి ఇంట్లో కొడుక్కి కూడా తెలియదు. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని కోడలు అడిగితే, ఎవరడిగారు అంది.

మర్నాడు కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, నడుంలోతు రాగానే ఆవిడ వెనక్కి వాలి నీళ్ళమీద పడుకుంది, సొంత మంచంమీద పడుకున్నంత సులువుగా. అలా చాలాసేపు ఉండి, లేచి, కోడల్ని ఈదమంది. కోడలు ధబధబా నాలుగు బారలు వేసింది.

“ఎక్కడికి అంత తొందర?”

“ఆ చివరికి, అత్తయ్యా.”

“అది ఎక్కడికీ పోదులే. ముందు పడుకో.”

“ఏమీ చెయ్యకపోతే మునిగిపోతానండీ.”

“చేస్తున్నావు కాబట్టే మునుగుతున్నావు.”

ఏమీ చేయకపోవడం ఆమెకు తొంభై కిలోమీటర్ల సైకిల్‌కన్నా కష్టమైంది. కాళ్ళు కిందికి జారిపోయేవి, మెడ బిగుసుకునేది, ముక్కులోకి నీళ్ళెక్కేవి. మొదటివారం పది ఊపిరులు కూడా పడుకోలేకపోయింది. మూడోవారం ఒకరోజు విసుగెత్తి నిలబడిపోయి, మీరు ఇంట్లో అంత కదలకుండా రోజంతా ఎలా కూర్చుంటారండీ, అదైనా నేర్పండి అంది.

అత్తగారు మొహంమీద నీళ్ళు తుడుచుకుంది.

“కూర్చోవడం నాకిష్టమని నీకెవరు చెప్పారు?”

ఆ రోజునుంచి కోడలు ఒంటరిగా కొలనుకి వెళ్ళలేదు.

సెప్టెంబరు పోటీ పెద్ద చెరువులో. ఈతదారికి గుర్తుగా నీళ్ళమీద తేలే మొదటి బోయ దగ్గరకు రాగానే ఊపిరి మళ్ళీ బిగుసుకుపోయింది. ఆమె వెల్లకిలా తిరిగి పడుకుంది. కాపలా పడవవాడు దగ్గరకొచ్చి ఎక్కుతారా అని అడిగాడు. వద్దని చెయ్యూపింది. ఇరవై ఊపిరులు లెక్కపెట్టి మళ్ళీ ఈదింది. ఇంకోసారి కూడా అలాగే పడుకోవలసి వచ్చింది. గడువు గంటా పది నిమిషాలయితే, గంటా ఆరు నిమిషాలకు గట్టెక్కింది.

అప్పటికి ఆమె వెనక ఇద్దరే మిగిలారు. సైకిల్ మీద అరవయ్యో కిలోమీటరు దగ్గర, మింగిన చెరువు నీళ్ళన్నీ కక్కింది. పరుగులో పద్నాలుగో కిలోమీటరు దగ్గర నిర్వాహకుల బండి పక్కకొచ్చి, ఇక గడువులోగా చేరుకోలేరు, నంబరు ఇచ్చి బండెక్కమన్నారు. చొక్కాకు తగిలించిన నంబరు కాగితం విప్పి ఇచ్చేసింది. బండి మాత్రం ఎక్కలేదు. రోడ్డు అప్పటికే వాహనాలకు తెరిచేశారు. మిగతా ఏడు కిలోమీటర్లూ కాలిబాట మీద, సిగ్నళ్ళ దగ్గర సంచులు మోసుకెళ్ళేవాళ్ళతో పాటు ఆగుతూ పరిగెత్తింది.

చేరేసరికి గాలి తీసేసిన ముగింపు గేటును మడతపెట్టి లారీలోకి ఎక్కిస్తున్నారు. భర్త తల్లికి గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“నా బస్సు కూడా ఎప్పుడూ ఇంత లేటుగా రాలేదు,” అన్నాడు. అని సంచిలోంచి భార్య చెప్పులు తీసి ఆమె కాళ్ళముందు పెట్టాడు.

అత్తగారు నీళ్ళలో ఎంతసేపు పట్టిందని మాత్రం అడిగింది.

ఫలితాల్లో ఆమె పేరు పక్కన ‘పూర్తి చేయలేదు’ అని వచ్చింది. చేసిన ఇరవై ఒక్క కిలోమీటర్లకు లెక్కాపత్రం లేదు. చాలారోజులు అది పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. డ్యూటీ మధ్యలో ఫోను తీసి, మార్చేశారేమోనని చూసుకునేది. వచ్చే ఏడాది మళ్ళీ పేరివ్వాలా వద్దా తేలలేదు. ఒక వారం ఇస్తాననేది, ఇంకో వారం సైకిల్ అమ్మేస్తాననేది.

నవంబరులో మరమ్మతుల కోసం కొలను మూసేశారు. మూడురోజులు అత్తగారు కిటికీకీ తలుపుకూ మధ్య తిరిగింది. నాలుగోరోజు పొద్దున్నే స్వెటరు వేసుకుని కోడలి గది ముందు నిలబడి, చెరువుకి పోదాం పద అంది. మోకాళ్ళు, చలి, జలుబు అని కొడుకు లోపలినుంచి ఏదో చెప్పబోతే వినిపించుకోలేదు.

గట్టు మీద గాలికి కోడలి పళ్ళు టకటకలాడాయి. కాసేపు ఎండెక్కనిద్దామని ఆమె చెబుతుండగానే అత్తగారు స్వెటరు విప్పి ఆమె చేతికిచ్చి, ఆమె భుజం ఆసరాగా నీళ్ళలోకి దిగి, మెడలోతుకు వెళ్ళిపోయింది. ఇంకో నాలుగు బారలు వేసేసరికి నెరిసిన తల ఒక్కటే కనబడింది. కోడలు స్వెటరు గట్టు మీద పడేసి వెనకే దిగింది.