చెంబెడు నీళ్లకి ఆరని ఎర్రలైటు

నిన్న పొద్దున్న వసారా ఊడుస్తూ బాబయ్యగారి సైకిల్ని పక్కకి నెడితే, దాని వెనక ఎర్రలైటు వెలిగింది. నెలల తరబడి ఎవరూ ఎక్కని సైకిలు. టైర్లలో గాలి లేదు, గొలుసు తుప్పు పట్టింది, సీటు మీద పక్కింటి పిల్లి కాపురం పెట్టింది. లైటు మాత్రం నిన్నగాక మొన్న బిగించినట్టు నిక్షేపంలా ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ప్రాణం లేని వస్తువు మీద కోపమేమిటని మావారు నవ్వారు. ఆ లైటు కోసం అమలాపురంలో నేను ఎన్ని షాపులు ఎక్కి దిగానో ఆయనకేం తెలుసు?

బాబయ్యగారంటే మా నాన్నకి తమ్ముడు. నా పుట్టిల్లూ అత్తిల్లూ మామిడికుదురు పక్కన ఒకే ఊళ్లో, ఒకే గోడకి ఇటూ అటూ ఉంటాయి. అంచేత టీచరుద్యోగం నుంచి రిటైరయ్యాక నా పెత్తనమంతా బాబయ్యగారి మీదా, పిన్ని మీదా పడింది. ఆయన కాలవ అవతలి ఊళ్లో శివాలయం అర్చకులు. డెబ్బై దాటినా తెల్లవారకముందే లేచి, నూతి దగ్గర స్నానం చేసి, మడి కట్టుకుని సైకిలెక్కేవారు. మడితో సైకిలేమిటని మీరు అడగొచ్చు, మేమూ అడిగాం. దానికాయన దగ్గర శాస్త్రం సిద్ధంగా ఉండేది. ఇనుముకి అంటు లేదు. తోలు సీటు పీకించి ప్లాస్టిక్‌ది వేయించారు. ఆ సైకిల్ని ఇంకొకరు ముట్టుకోకూడదు. అయినా ఎందుకైనా మంచిదని, బయలుదేరేముందు హ్యాండిలు దగ్గర్నుంచి వెనక చక్రం దాకా చెంబెడు నీళ్లు పోసేవారు. "సైకిలు గారికి స్నానం అయిందాండీ?" అని పిన్ని రోజూ వేళాకోళం. "ఆయ్, అయింది. నీదే ఇంకా కాలేదు" అని ఆయన జవాబు. పిన్నికి నవ్వు, కోపం రెండూ వచ్చేవి.

కిందటేడు కార్తీకంలో ఒకనాడు ఆయన గుడి నుంచి కుంటుకుంటూ వచ్చారు. పంచె నిండా బురద, మోకాలు చీరుకుపోయింది. "లారీ వాడమ్మా. వెనకనుంచి వచ్చి ఒరుసుకుపోయేడు. గట్టు దిగిపోయేను" అన్నారు. ఆ రోడ్డు ఎంతని? ఒక పక్క కాలవ, ఒక పక్క కొబ్బరితోటలు, మధ్యలో తెల్లారకుండానే కాయల లారీలు, గ్యాసు బావుల ట్యాంకర్లు. పిన్ని ఏడుస్తూ, ఇంక గుడి మానేయమంది. మానేస్తే స్వామికి దీపం ఎవరు పెడతారని ఆయన అడిగారు. ఆటో ఎక్కమంటే పదిమంది కూర్చున్న సీటు, మడికి పనికిరాదు. నడవమంటే మోకాళ్లు సాగవు. ఇక మిగిలింది ఒకటే: ఆయన సైకిలు మీదే వెళ్లాలి, వెనక వచ్చేవాడికి కనపడాలి, ప్రాణాలతో తిరిగి రావాలి. ఆ బాధ్యత నేను నెత్తినేసుకున్నాను.

మొదట ఒక మిణుకు లైటు తెచ్చాను. బొత్తాం నొక్కితే చక్కగా టపటపలాడేది. రెండు మూడు స్నానాలు చేసి కన్నుమూసింది. రెండోది సెల్‌ఫోనులా చార్జింగు పెట్టుకునేది. దాన్ని ఊడదీసి ఇంట్లో చార్జింగు పెట్టాలి. అంటే పిన్ని ముట్టుకోవాలి, మళ్లీ బిగించాలి, అప్పుడు సైకిలు మైల! ఈ మీమాంస తెగేలోపు చార్జింగు కన్నంలోకి చెంబు నీళ్లు పోయి అదీ చచ్చింది. మడ్‌గార్డుకి రేడియం స్టిక్కరు అంటిస్తే తడికి ఊడి కాలవ పాలయింది. ప్రతి తెల్లవారుజామునా నాకు మెలకువ వచ్చేసేది. ఆయన సైకిలు బెల్లు వీధి మలుపు తిరిగేదాకా విని, ఇక అక్కణ్ణుంచి భయం. లారీ హారను వినపడితే చాలు, లేచి వీధి గుమ్మంలోకి వచ్చేసేదాన్ని.

చివరికి అమలాపురంలో ఒక షాపాయన ముందు నా గోడంతా వెళ్లబోసుకున్నాను. స్విచ్చి ఉండకూడదు, చార్జింగు ఉండకూడదు, రోజూ నీళ్లు పోసినా పాడవకూడదు, ఏళ్ల తరబడి మన్నాలి అన్నాను. ఆయన కాసేపు నన్ను ఎగాదిగా చూసి, "అమ్మగారూ, మీకు లైటు కావాలాండి, చేప కావాలాండి?" అన్నాడు. నవ్వుకున్నాక, చక్రం ఇరుసులోనే డైనమో ఉండే రకం ఒకటుందనీ, తెప్పిస్తాననీ చెప్పాడు. చక్రం తిరిగితే దానంతటదే వెలుగుతుంది. సైకిలు ఆగినా కాసేపు ఆరదు. వెనక లైటుకి నీళ్లు దూరే కన్నమే లేదు. బిగించాక బాబయ్యగారు మామూలుగానే నీళ్లు కుమ్మరించి బయలుదేరారు. తుంపర్లు రాలుస్తూ ఆ ఎర్రచుక్క మలుపు దాకా వెళ్లడం చూసి పిన్ని దణ్ణం పెట్టుకుంది. ఆ తర్వాత కొన్నాళ్లు నేను హాయిగా నిద్రపోయాను.

ధనుర్మాసంలో ఒకరోజు మంచు దట్టంగా కురిసింది. గుళ్లో అర్చన ముగిసే వేళ కూడా కాలేదు, పాలు పోసే ఆవిడ ఆయన్ని రెక్క పట్టుకుని నడిపించుకుంటూ మా గుమ్మంలోకి తెచ్చింది. ఇద్దరూ నిలువునా తడిసి ఉన్నారు. "మళ్లీ లారీయేనమ్మా" అన్నారు బాబయ్యగారు. నేను అగ్గి మీద గుగ్గిలమైపోయాను. ఇంత లైటు పెట్టినా కనపడలేదా వాడికి, నంబరు చూశావా, పోలీసుల దగ్గరికి పోదాం పద అని ఆవిడ మీద పడ్డాను. ఆవిడ ఒకసారి ఆయన వైపు, ఒకసారి నా వైపు చూసింది.

"లారీ ఏదీ రాలేదండి. నేను వెనకాలే వస్తన్నానండి, ఆయ్. రోడ్డు వంపు తిరిగింది గానండి, పంతులుగారు తిరగలేదండి. తిన్నగా కాలవలోకి దిగిపోయేరు. చెయ్యందిస్తే మడమ్మా, ముట్టుకోకన్నారండి. తిట్టుకుంటే తిట్టుకున్నారులే అని రెక్క పుచ్చుకుని లాగేసేనండి. ఆ లైటు మాత్రం నీళ్లలో కూడా వెలుగుతానే ఉందండి."

పిన్ని తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను ఆయన కళ్ల ముందు చెయ్యి ఊపాను. ఎదురుగా ఊపితే చూశారు. పక్కకి జరిపితే చూడలేదు.

"మొదటిసారి కూడా లారీ లేదు కదూ?" అన్నాను.

"లేదమ్మా" అన్నారు, చిన్నపిల్లాడిలా తల దించుకుని. "చూపు తగ్గిందంటే అర్చకత్వానికి పనికిరానంటారు. గర్భగుళ్లో నాకు చూపుతో పనేమిటే? స్వామి ఎక్కడున్నాడో, ప్రమిద ఎక్కడుందో నా చేతులకి తెలుసు. మధ్యలో ఈ రోడ్డే అడ్డమొచ్చింది."

ఆయన మీద కోపం, మా మీద కోపం, ఏడుపు అన్నీ కలిసి వచ్చేశాయి. లారీవాడికి ఆయన కనపడాలని ఊరూవాడా ఏకం చేసిన మాకు, ఆయనకి లారీ కనపడుతోందా అన్న అనుమానమే రాలేదు. కళ్ల డాక్టరు నీటికాసులన్నాడు, అదే గ్లాకోమా, చూపు పక్కలనుంచి మాయమవుతూ వస్తుందట. పోయిన చూపు తిరిగి రాదనీ, మొదటిసారి పడ్డప్పుడే తీసుకొచ్చి ఉంటే మరికొంత మిగిలేదనీ మెత్తగానే చెప్పాడు. మెత్తగా చెబితే మాత్రం ఏం, కత్తిలాగే దిగింది. పిన్ని ఆసుపత్రి మెట్ల మీద కూలబడిపోయింది. ఆయనే తడుముకుంటూ ఆవిడ భుజం దొరకబుచ్చుకుని, "లేవే, జనం చూస్తున్నారు" అన్నారు.

మందులు వేసినా, మిగిలిన ఆ కాస్త చూపూ నెలనెలా సన్నగిల్లి పోయింది. ఇప్పుడు గుళ్లో వేరే అర్చకులు వచ్చారు. బాబయ్యగారు మాత్రం అలవాటు కొద్దీ చీకటితోనే లేచి, స్నానం చేసి, మడి కట్టుకుని వసారాలో కూర్చుంటారు. నేను కాఫీ పట్టుకెళితే అడుగుల చప్పుడు విని ఇటు తిరుగుతారు. కాలవకి అవతలా ఇవతలా ఇన్నేళ్లు గంట కొట్టి అందరికీ పొద్దు పొడిచిందని చెప్పిన మనిషి, "తెల్లారిందామ్మా?" అని నన్ను అడుగుతారు. వీధంతా ఎండ కాస్తూనే ఉంటుంది. తెల్లారిందని చెప్పడానికి నాకు ఒక్కోరోజు చాలాసేపు పడుతుంది.