రంగుల మేస్త్రి, అరకప్పు పుడ్డింగు

ముప్పయ్యేళ్ళుగా ఇళ్ళకు రంగులేస్తున్న మేస్త్రి ఆ ఆదివారం తలస్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, వంటింట్లోకి ప్రవేశించాడు. ఆ గదిలో ఆయనకు అంతవరకు పరిచయమల్లా గోడలతోనే.

కారణం చిన్నది కాదు. గొంతు ఆపరేషనైన భార్యను ముందురోజే ఇంటికి పంపారు. ముక్కులోంచి ఆహారం పోసే గొట్టం తీసేశారు గాని, ఆమె గుటక వేయడానికి హడలిపోతోంది. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోన్ చేస్తాననీ, అప్పటికి అరకప్పు మెత్తటి పదార్థం నోటితో తినకపోతే మళ్ళీ గొట్టమేననీ ఆసుపత్రి సిస్టరు ఖరాఖండిగా చెప్పింది. ఏం తింటావని అడిగితే, ఇంకా మాట్లాడలేని భార్య పలక మీద ‘చాక్లెట్ పుడ్డింగ్’ అని రాసింది. వార్డులో పక్క మంచమామె తింటుంటే చూసిందట.

అర లీటరు పాలు, నాలుగు చెంచాల పంచదార, రెండు కోకో, మూడు కార్న్‌ఫ్లోర్. పొడులను చల్లటి పాలలో కలపడంలో మేస్త్రికి ఎదురులేదు. ఒక్క ఉండ కట్టనివ్వలేదు. సన్నటి సెగ మీద అడుగంటకుండా తిప్పాడు. గరిటె పైకెత్తి, కన్ను చిట్లించి, ధార పరీక్షించాడు. పల్చన. ఏ పూతైనా ఆరాక ఇంకా పల్చబడుతుందన్నది ఆయన వృత్తి నేర్పిన సత్యం. అంచేత మరో నాలుగు చెంచాల కార్న్‌ఫ్లోర్ చన్నీళ్ళలో కలిపి ఉదారంగా పోశాడు.

గంట తర్వాత గిన్నె బోర్లిస్తే పుడ్డింగు కదల్లేదు.

“బావా, ఇది అక్కకా, గోడకా?” అంది సాయానికొచ్చిన మరదలు.

“ఆరితే పల్చబడుతుందనుకున్నా.”

“రంగనుకున్నావా? ఇది చల్లారితే బిగుస్తుంది. ఇన్నేళ్ళు తిన్నావు, ఒక్కరోజన్నా గిన్నెలోకి తొంగిచూశావా?”

“చూస్తే మీ అక్క ఊరుకునేదేంటి?”

“ఊరుకునేది కాదు, మురిసిపోయేది.”

మేస్త్రి మళ్ళీ పాలు పొయ్యి మీద పెట్టాడు. ఈసారి మూడంటే మూడే చెంచాలు.

మొదటి చెంచా నోట్లో పెట్టుకుని భార్య కళ్ళు మూసుకుంది. మేస్త్రీ, మరదలూ ఆ గొంతునే చూశారు. చాలాసేపటికి గుటక పడింది. అలా ఆరు చెంచాలు. ఏడోదానికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. కళ్ళ నిండా నీళ్ళు. కప్పులో పావు వంతు కూడా తరగలేదు.

ఫోన్ మోగింది. ఆమె గబగబా పలక అందుకుని ‘అరకప్పు అని చెప్పు’ అని రాసింది.

“చెప్పేయ్ బావా. ఆవిడేమన్నా వచ్చి కొలుస్తుందా?”

ఒక పూత వేసి రెండని నమ్మబలికిన సందర్భాలు మేస్త్రి చరిత్రలో లేకపోలేదు. ఫోన్ చెవికి ఆనించుకున్నాక మాత్రం, “ఆరు చెంచాలు సిస్టర్, అంతే,” అన్నాడు.

“దగ్గు వచ్చిందా?”

“రాలేదండి.”

“సాయంత్రం మళ్ళీ పెట్టి చూడండి. అప్పుడూ ఇంతే అయితే రేపు తీసుకొచ్చేయండి. గొట్టం తప్పదు.”

భార్య మొహం గోడవైపు తిప్పేసుకుంది. మంచం ఆ గోడకే ఆనించి ఉంది. మేస్త్రి ఆమెకు కుదుపు తగలకుండా మంచాన్ని జానెడు జానెడుగా ఇవతలికి లాగి, ఆ సందులో దూరి, ఆమె మొహానికి ఎదురుగా కూలబడ్డాడు.

“తిట్టాలనుంటే రాసి చూపించు,” అన్నాడు.

ఆమె పలక ముట్టుకోలేదు. మొహం మాత్రం ఈసారి తిప్పుకోలేదు.