సునీత చేతి వాసన

హన్మకొండలోని ఒక డిగ్రీ కాలేజీలో శోభారాణి మేడం పొద్దున జంతుశాస్త్రం చెప్పేది, మధ్యాహ్నం నుంచి ఎలుకల గదిలో ఉండేది. ఎలుకను పెట్టెలో దించి, గంట మోగించి, వెంటనే కాళ్ల కింద చిన్న కరెంటు షాకు ఇస్తారు. కొన్నాళ్లకు ఉత్త గంటకే ఎలుక కొయ్యబారిపోతుంది. ఆ భయం మెదడులో ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఆమె పరిశోధన. పీహెచ్‌డీ పిల్లలు లేని కాలేజీ కాబట్టి పనంతా డిగ్రీ పిల్లలదే. మిగతావాళ్లు ఎలుకంటే జంకేవారు. అందుకని రోజూ సునీత అనే పిల్లే ఎలుకను దించేది. అచ్చయ్యే పరిశోధన పత్రం మీద తన పేరు కూడా ఉంటే యూనివర్సిటీలో సీటొస్తుందని ఆ పిల్ల ఆశ. మేడం మాటిచ్చింది కూడా.

హైదరాబాదు యూనివర్సిటీ నుంచి రమాకాంత్ సారు ఈ పరిశోధన చూడటానికొచ్చిన రోజు, సునీత చెయ్యి దగ్గరికి రాగానే, గంట మోగకముందే ఎలుక బిగుసుకుపోయింది. సారు పవన్ అనే పిల్లాడితో దింపించాడు. గంట మోగింది. ఎలుక తాపీగా మీసాలు దువ్వుకుంది.

"ఇది గంటను నేర్వలేదమ్మా. ఆ పిల్ల చేతిని నేర్చింది," అన్నాడు సారు.

దించే చెయ్యి మారుతుండాలని ఏటా క్లాసులో చెప్పేది శోభారాణే. ఆ మాట మింగేసి సునీత వైపు తిరిగింది.

"చేతులేందే గట్ల ఘాటు కొడుతున్నయి?"

"పొద్దుగాల అమ్మతోని ఎనుమాముల మార్కెట్ల మిర్చి ఏరొస్త మేడం. సబ్బు పెట్టి రుద్దినా పోతలేదు."

"ఎలుకకు బజ్జీలు యాదికొచ్చినయేమో," అన్నాడు పవన్. అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వింది.

శోభారాణి మగ్గాల ఇంటి పిల్ల. చిన్నప్పుడు బడిలో టీచరు, రంగు అంటిన ఆమె చేతులు పైకెత్తించి క్లాసంతటికీ చూపించింది. ఇప్పటికీ ఎవరైనా చేతులవంక చూస్తే కొంగు కింద దాచుకుంటుంది.

పరిశోధన మాత్రం పాడుకానివ్వలేదు. గంట సంగతి తీసేసి, వాసన వల్ల పుట్టే భయమని కొత్తగా మొదలుపెట్టింది. అందుకు ఆ చెయ్యే కావాలి.

"సబ్బు ముట్టకు. మార్కెట్టుకు నాగా పెట్టకు," అంది సునీతతో.

"మరి నా పేరు, మేడం?"

"ఎలుక పేరు రాస్తున్ననా, నీ పేరు రాసెటందుకు?"

సునీత మానలేదు. మార్కులు వెయ్యాల్సింది మేడమే.

ఇప్పుడు మొదటి సంవత్సరం పిల్లలకూ మేడం ఆ వాసన భయాన్నే పాఠంగా చూపిస్తుంది. సునీత తానే పెంచిన ఎలుక బోనులో చెయ్యి పెడుతుంది. పిల్లగా ఉన్నప్పుడు అది ఆ అరచేతిలోనే నిద్రపోయేది. ఇప్పుడు మూలకు నక్కి, ఊపిరి బిగబట్టి, ఉచ్చ పోసుకుంటుంది.

"చెయ్యి ఎనుకకు తియ్యకు," అంటుంది మేడం, తన చేతులు కొంగు కింద పెట్టుకుని. "ఆమె మొఖం ఏం జూస్తరు? ఎలుకను చూడుండ్రి."