బిడ్డ తలమీద ఒట్టు

2008లో నేను నాచారం ఫ్యాక్టరీల వెనక ఒక బస్తీలో, అర్బన్ హెల్త్ సెంటర్‌లో ఏఎన్ఎంగా పనిచేసేదాన్ని. ఏఎన్ఎం అంటే టీకాలు వేస్తూ, గర్భిణులను చూస్తూ, ఇల్లిల్లూ తిరిగే నర్సు. సెంటర్ అనగానే పెద్ద భవనం అనుకునేరు. కింద కిరాణా కొట్టు, పైన మా రెండు గదులు. ఒక గదిలో టీకాల ఫ్రిజ్, రెండో గదిలో డాక్టర్ కుర్చీ. ఆ కుర్చీలో మనిషి ఉన్న నెలల కన్నా లేని నెలలే ఎక్కువ. సెంటర్‌ని నడిపేది ఒక స్వచ్ఛంద సంస్థ, డాక్టర్లు వచ్చేది కాంట్రాక్టు మీద. పీజీ సీటు వచ్చిందని ఒకరు, జీతం రాలేదని ఒకరు వెళ్లిపోయేవారు. చిల్కానగర్ నుంచి రోజూ వచ్చి తాళం తీసేది నేనే కాబట్టి, "డాక్టర్ ఉన్నడా సిస్టర్?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పే ఖర్మ కూడా నాదే.

బస్తీకి అసలు డాక్టరు సందు చివరి ఆరెంపీ. డాక్టరు చదువు చదవలేదు, అయినా పొద్దునా సాయంత్రం దొరుకుతాడు. ఏ నొప్పి అన్నా సూది వేస్తాడు. సూది వేయనివాడు డాక్టరే కాదని ఇక్కడివాళ్ల నమ్మకం. ఆయన్ని తిట్టాలని నాకు నోటిదాకా వచ్చేది. కానీ ఆయన ఉండేవాడు, మా డాక్టర్లు ఉండేవాళ్లు కాదు. ఏ మొహం పెట్టుకుని తిట్టను?

ఆ ఏడు వానాకాలంలో సుధ మేడమ్ వచ్చారు. గోదావరి జిల్లా అమ్మాయి, చదువు అయిపోయి ఎక్కువ కాలం కాలేదు. మధ్యాహ్నం ఓపీ అయ్యాక నాతో పాటు బస్తీ తిరిగేవారు. "సిస్టర్, ఒక్కో ఇంటికి ఒకే డాక్టర్ ఉండాలండీ. తాత బీపీ నుంచి మనవడి దగ్గు దాకా అన్నీ తెలిసిన మనిషి ఉంటే, వీళ్లలో సగం మంది పెద్దాసుపత్రి గుమ్మం తొక్కక్కర్లేదు. ఫ్యామిలీ డాక్టర్ అంటే డబ్బున్నవాళ్లకేనా?" అనేవారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఇలాంటి మాటలు అంతకుముందూ విన్నాను. కానీ ఈమె మాత్రం అన్నంత పనీ చేసింది. మూడు నాలుగు నెలల్లోనే జనం "మా మేడమ్" అనడం మొదలుపెట్టారు.

ఐలయ్య ఆమెకు అలాగే దొరికాడు. జనగామ వైపు నుంచి వచ్చి, ప్లాస్టిక్ డబ్బాలు చేసే కంపెనీలో మెషిన్ మీద పనిచేసేవాడు. మాటకారి, మొండివాడు. తలనొప్పి వచ్చినప్పుడల్లా ఆరెంపీ దగ్గర సూది వేయించుకుని డ్యూటీకి పోయేవాడు. మేడమ్ బీపీ చూసి ఉలిక్కిపడ్డారు. బీపీ ఎప్పుడూ ఎక్కువగానే ఉండటాన్ని మేం హైపర్‌టెన్షన్ అంటాం. దానితో వచ్చిన చిక్కేమిటంటే చాలామందికి ఏ బాధా తెలియదు. బాధ లేదు కదా అని మందు ఆపేస్తారు, ఒకరోజు మనిషి పడిపోతాడు. ఐలయ్యా అంతే. పది రోజులు మాత్ర వేసుకుని, తలనొప్పి తగ్గగానే ఆపేసి, మళ్లీ సూది దగ్గరికి పోయాడు.

ఒకరోజు అతని భార్య కళమ్మ మొగుణ్ణి, కూతురు మౌనికను వెంటబెట్టుకుని వచ్చింది. మౌనికకు అప్పుడు ఏడెనిమిదేళ్లు. ఇద్దరు పిల్లలు పుట్టి పోయాక మిగిలిన బిడ్డ.

"గిట్ల చెప్తే ఇనడు మేడమ్ ఈయన. నా మాట ఎన్నడన్న ఇన్నడా? బిడ్డ మీద ఒట్టు పెట్టిచ్చు. గప్పుడే ఇంటడు" అంది కళమ్మ.

మేడమ్ నవ్వేశారు. "సరే ఐలయ్యగారూ, మీ అమ్మాయి తలమీద చెయ్యి పెట్టి చెప్పండి చూద్దాం."

ఐలయ్య నవ్వలేదు. చెయ్యి చొక్కాకు తుడుచుకుని కూతురి తలమీద పెట్టాడు. "మేడమ్ ఇచ్చిన మందే ఏసుకుంట. ఆమెను అడగకుండ ఇంకెవ్వరి మందూ ముట్ట. బిడ్డ మీద ఒట్టు."

నిజంగానే ముట్టలేదు. నెలనెలా వచ్చి బీపీ చూపించుకుని, సెంటర్‌లో ఇచ్చే గులాబీ రంగు మాత్రలు పట్టుకెళ్లేవాడు. బీపీ దారికొచ్చింది. దాన్ని మేం ఫాలో-అప్ అంటాం, మళ్లీ మళ్లీ చూసి మందు సరిచూడటం. మా సెంటర్‌లో అది సరిగ్గా జరిగిన కాలం అదొక్కటే. నాకు కూడా ఆశ పుట్టింది.

మరుసటి వేసవిలో సంస్థ కాంట్రాక్టు ముగిసింది. కొత్తవాళ్లకు ఇస్తారన్నారు, ఎవరికీ ఇవ్వలేదు. సెంటర్‌ని ప్రభుత్వమే చూసుకుంటుందని నన్ను మాత్రం ఉంచారు. సుధ మేడమ్ చివరి రోజు కుర్చీలో కూర్చుని ఏడ్చారు. "నా పేషెంట్లకు ఏం చెప్పను సిస్టర్?" అన్నారు. ఆమెతో పాటే మాత్రల సరఫరా కూడా ఆగిపోయింది. ఉప్పల్ వైపు నుంచి ఒక ఇన్‌ఛార్జి డాక్టర్ వారానికి ఒకరోజు వస్తారన్నారు. ఆయన మంచివాడే. కానీ ఆయన నెత్తిన అప్పటికే ఇంకో రెండు సెంటర్లు ఉన్నాయి.

ఐలయ్య వచ్చాడు. మేడమ్ ఇక రారని ఉన్నమాట చెప్పాను. ఇన్‌ఛార్జి డాక్టర్ బీపీ చూసి మందు రాసిచ్చారు. మెడికల్ షాపులో కొని తెచ్చిన మాత్ర తెల్లగా ఉంది. దాన్ని నాకు చూపించాడు.

"ఇది మేడమ్ మందు కాదు సిస్టర్. గది గులాబి రంగుండె."

"అదే మందు అన్నా. కంపెనీ వేరు, రంగు వేరు, అంతే. ఏసుకో."

"నువ్వు చెప్తే కాదంటనా? గని ఒట్టు ఆమె ముంగట పెట్టిన. ఆమె చెప్పాలె."

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు అన్నా! పానం కన్న ఎక్కువనా?"

"నా పానం గురించి కాదు. బిడ్డ పానం" అన్నాడు.

నాకు కోపం వచ్చింది, తిట్టాను కూడా. అతను తలవంచుకుని విన్నాడు. కళమ్మ ఏడ్చింది, బతిమాలింది. ఒట్టు పెట్టించింది ఆమే కాబట్టి ఆమె మాట అసలే చెల్లలేదు. మేడమ్‌కు ఫోన్ చేస్తే ఆ నంబర్ పనిచేయడం లేదు. అది సంస్థ ఇచ్చిన సిమ్, పోతూ తిరిగిచ్చేశారు. సంస్థ ఆఫీసుకు పోతే తాళం. ఎవరిని అడిగినా మాకు తెలియదన్నారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ.

నేను వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ తిరుగుతుండగానే, ఒకరోజు పొద్దున కంపెనీవాళ్లు ఐలయ్యను ఆటోలో తెచ్చి మా మెట్ల దగ్గర ఆపారు. మెషిన్ దగ్గరే పడిపోయాడట. మూతి ఒక పక్కకు పోయింది, కుడిచెయ్యి వేలాడుతోంది. స్ట్రోక్, మెదడుకు రక్తం అందక వచ్చే పక్షవాతం. "దగ్గరుంది గదాని ఈడికి తెచ్చినం. డాక్టర్ను పిలువు సిస్టర్" అన్నారు. పైన కుర్చీ ఉంది, డాక్టర్ లేడు. పెద్ద దవాఖానాకు తీసుకుపొమ్మని అదే ఆటోలో పంపించాను. అంత నిస్సహాయంగా నేను ఎప్పుడూ లేను.

ప్రాణం దక్కింది. చెయ్యీ మాటా పోయాయి, అయినా తెల్ల మాత్ర ఇస్తే మొహం తిప్పుకునేవాడు. ఆ తర్వాత ఎప్పటికో, వేరే సెంటర్‌లోని స్నేహితురాలి ద్వారా మేడమ్ కొత్త నంబర్ దొరికింది. ఐలయ్య మంచం పక్కన కూర్చుని చేశాను. సంగతి చెప్పగానే ఫోన్ అతని చెవి దగ్గర పెట్టమన్నారు. పెట్టాను.

"ఐలయ్యగారూ, ఒట్టు తీసేశాను. మీరు ఎవరి మందైనా వేసుకోవచ్చు. అమ్మాయికి ఏం కాదు. నేను చెబుతున్నాను కదా" అంటున్న ఆమె గొంతు నాకు కూడా వినిపిస్తోంది.

ఐలయ్య కళ్ల వెంట నీళ్లు కారాయి. ఎడమచెయ్యి ఎత్తి మౌనిక కోసం వెతికాడు. పిల్ల వచ్చి తల ఆనించింది. ఆ రోజు నుంచి ఏ రంగు మాత్ర ఇచ్చినా మింగాడు. రెండేళ్లు మంచంలో ఉండి పోయాడు.

2014లో కొత్త రాష్ట్రం వచ్చాక మా సెంటర్ బోర్డుకు రంగులు వేసి, పేరు మార్చి రాశారు. ఒక కుర్ర డాక్టర్ కూడా వచ్చాడు, మళ్లీ కాంట్రాక్టు మీదే. మౌనిక తల్లిని తీసుకుని వచ్చింది. కంపెనీలో ఐలయ్య చేసిన పని దొరకక, కళమ్మ అక్కడే ఊడ్చే పనిలో చేరింది. ఆమెకూ బీపీ ఉంది.

డాక్టర్ ఆప్యాయంగా, "భయపడకమ్మా. ఇక నుంచి మీ ఇంటికి నేనే డాక్టర్‌ని అనుకో. నా దగ్గరికే రా" అన్నాడు. ఆ మాటలు అచ్చం సుధ మేడమ్ మాటల్లాగే ఉన్నాయి.

తల్లి కూర్చున్న కుర్చీ పక్కనుంచి మౌనిక రెండడుగులు వెనక్కి జరిగింది. "గోలీ పేరు చెప్పుండ్రి సార్. మీ పేరు వద్దు" అంది.

డాక్టర్ అర్థం కాక నవ్వాడు. నేను ఆ మాత్ర అసలు పేరు చెప్పి, ఏ కంపెనీదైనా, ఏ రంగుదైనా ఒకటేనని తల్లీకూతుళ్లిద్దరి చేతా మూడుసార్లు పలికించాను. అప్పటినుంచి ప్రతి పేషెంట్‌కీ అదే చెబుతున్నాను. ఐలయ్య కేసు నాకు నేర్పింది ఇంతే: మా బస్తీలో మందును నమ్మమని చెప్పవచ్చు, మనిషిని నమ్మమని మాత్రం చెప్పకూడదు. ఒక నర్సు నేర్చుకోవలసిన పాఠం ఇది కాదు. కానీ నాకు దొరికింది ఇదే.

మరుసటి ఏడు ఆ కుర్ర డాక్టర్‌కు పీజీ సీటు వచ్చింది.