కిలిమంజారో కోసం విజయనగరంలో అలక

రాష్ట్రం రెండుగా విడిపోయిన ఆ కొత్తల్లో ఎక్కడ నలుగురు కూర్చున్నా ఏది ఎవరికి రావాలన్న మాటే. నాకు మాత్రం ఆ గోల పట్టలేదు, నా గోల నాకుంది. విజయనగరం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో అసిస్టెంట్ వార్డెన్‌గా అప్పుడే చేరాను. (అసిస్టెంట్ వార్డెన్ అంటే మరేమీ కాదు, సాంబారులో నీళ్లెక్కువైతే తిట్లు తినేవాడు.) ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అది ఖాయమైతే విజయనగరంలో ఉన్న మా మేనమామ కూతురు నాకు ఖాయం. మా మావకి నేనంటే ఇష్టమే గాని మా శ్రీకాకుళం అంటే చిన్నచూపు. "మీ జిల్లాలో ఏటున్నాదిరా, వలసెల్లే బస్సులు తప్ప?" అని పదిమందిలో అనేవాడు. నాకు ఒళ్లు మండేది. కానీ గుమ్మం వెనక నిలబడి మరదలు నవ్వేది. ఆ నవ్వు కోసం మా జిల్లా పరువు కొంత వదులుకోవడానికి నేను ఎప్పుడో సిద్ధపడిపోయాను.

ఆ ఏడే మా కాలేజీకి మొదటిసారి విదేశీ విద్యార్థులు వచ్చారు. ఇద్దరే. ఒకడు కెన్యావాడు, ఊరు నైరోబీ. ఇంకొకడు టాంజానియావాడు, ఊరు దారెస్సలాం. హాస్టల్లో అందరూ మొదటివాణ్ణి నైరోబీ అనీ, రెండోవాణ్ణి దారు అనీ పిలవడం మొదలెట్టారు. పక్కపక్క దేశాలవాళ్లు, మాట్లాడేది ఒకటే స్వాహిలీ, అన్నదమ్ముల్లా కలిసిపోతారు గదా అని నేనే ఇద్దరికీ ఒక గది ఇచ్చాను. (ఒక శ్రీకాకుళం వాణ్ణీ ఒక విజయనగరం వాణ్ణీ ఒకే గదిలో పెడితే ఏమవుతుందో తెలిసినవాణ్ణి అయ్యుండి కూడా!) వారం తిరక్కుండానే ఇద్దరూ విడివిడిగా నా దగ్గరికి రావడం మొదలైంది. "మా ఊళ్లో మేడలు, ఆఫీసులు, వ్యాపారాలు. వీళ్ల ఊళ్లో మధ్యాహ్నం భోంచేసి పడుకుంటే మళ్లీ లేచేది మర్నాడే సార్" అని నైరోబీ చాడీ. "మా ఊరికి సముద్రం ఉంది, వాళ్ల ఊరికి ట్రాఫిక్ ఉంది. అసలు వీడికి స్వాహిలీ కూడా సరిగా రాదు, సగం ఇంగ్లీషు కలిపి పరిగెత్తిస్తాడు" అని దారు తీరిగ్గా, ఒక్కో మాటా తూచి చెప్పేవాడు.

వీటన్నిటికీ మించిన తగువు కిలిమంజారో. నెత్తిన మంచు కప్పుకున్న ఆ పెద్ద కొండ ఉన్నది టాంజానియాలో. సరిహద్దు పక్కనే కావడంతో కెన్యా వైపు నుంచి కూడా బ్రహ్మాండంగా కనిపిస్తుందట. "కొండ వాళ్లదే కావచ్చు, అందమంతా మా వైపు నుంచే" అనేవాడు నైరోబీ. "మా ఇల్లు నీ కిటికీలోంచి కనిపిస్తే నీదైపోతుందా?" అనేవాడు దారు. న్యాయంగా దారు మాటే సబబనిపించేది నాకు. పైకి మాత్రం "పోనీలెండర్రా, కొండే కదా" అనేవాణ్ణి. ఆ ఒక్క మాటకి మాత్రం ఇద్దరూ ఏకమై నన్ను కొరకొరా చూసేవారు.

చలికాలంలో కాలేజీవాళ్లు ఫుడ్ ఫెస్టివల్ పెట్టారు. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "ఆఫ్రికా స్టాలు నీ బాధ్యతయ్యా. ఛైర్మన్ గారు ముందు అక్కడికే వస్తారు. బాగుందంటే నీ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. బాగోకపోతే ఏమిటన్నది ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నైరోబీ ఉగాలి (మొక్కజొన్న పిండితో చేసే సంకటి) వండేటట్టు, దారు వాళ్ల ఊరి పిలావ్ వండేటట్టు ఒప్పించాను. ఇక మిగిలింది ఫ్లెక్సీ. మన దగ్గర ఫ్లెక్సీ లేకుండా పుట్టినరోజు కూడా జరగదు గదా! నడుమ కిలిమంజారో, అటొకడూ ఇటొకడూ దండం పెడుతున్న ఫోటోలు వేయమని షాపాయనకి చెప్పాను. (దండం ఫోటోలు నేనే దగ్గరుండి తీయించాను. ఎందుకు దండం పెట్టాలో వాళ్లకి తెలీదు, నాకూ తెలీదు.) ఆయన నెట్‌లో వెతికి, ముందు ఏనుగులూ వెనక మెరిసే కొండా ఉన్న బొమ్మ దించి, దానికి ఏ దేశం పేరు కనబడితే ఆ పేరు తగిలించి, పైన ఇంగ్లీషులో బారెడు అక్షరాలతో "కిలిమంజారో, కెన్యా" అని కొట్టేశాడు. నేను చూసిందల్లా ఇద్దరి ఫోటోలూ ఒకే సైజులో ఉన్నాయా లేదా అని. మన ఫ్లెక్సీ గొడవలన్నీ అక్కడే గదా మొదలయ్యేది!

పండగ పొద్దున ఫ్లెక్సీ కట్టాం. దారు దాన్ని పైనుంచి కింది దాకా చదివాడు. చేతిలో గరిటె కింద పెట్టి, గదికి వెళ్లి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. నైరోబీ ఫ్లెక్సీ ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నాడు. నేను బతిమాలాను, చేతులు పట్టుకున్నాను, దారు కదల్లేదు. ఉద్యోగం పోయింది, దాంతో పాటు మరదలూ పోయిందనుకుని కళ్లనీళ్లు పెట్టుకునేంత పనైంది. సరిగ్గా అప్పుడే, అల్లుడి ఉద్యోగం ఎలాగున్నాదో చూసిపోదామని అరటిపళ్ల సంచీతో మా మావ దిగాడు. విషయం విని గదిలోకి తొంగి చూసి, తేలిగ్గా నవ్వేశాడు.

"ఒరే, ఇది అలకరా! పెళ్లిళ్లలో ఇలాటి అల్లుళ్లని ఎంతమందిని మంచం దించినాను! సూడు."

అది నిజమే. మా చుట్టాల్లో ఏ పెళ్లికొడుకు అలిగినా మావకే కబురెళ్లేది. మంచం అంచున కూర్చుని దారు వీపు నిమురుతూ, "ఏటి నాయినా, ఏటి కావాల నీకు? ఉంగరమా? బండా?" అని అడిగాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను. దారు ఇటు తిరక్కుండానే, "కొండ" అన్నాడు.

మావ సర్వీసులో కొండ అడిగిన అల్లుడు లేడు. అయినా వెనక్కి తగ్గకుండా, "కొండకేటి బాబూ, మా రామతీర్థం కొండున్నాది, తీసుకో. దాన్ని మించిన కొండ ఈ సుట్టుపక్కల నేదు" అన్నాడు.

నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఊరుకుంటే సరిపోయేది. నాకెక్కణ్ణుంచి పొడుచుకొచ్చిందో పౌరుషం! "అదేటి మావా! మా మహేంద్రగిరి ముందు రామతీర్థం ఏటి?" అన్నాను.

"మహేంద్రగిరి మీదేటిరా? అది ఒడిశాలో ఉన్నాది!"

"ఉంటే ఉన్నాది! సూడాలంటే మా ఊరు మందస కాడినుంచే సూడాల. అందమంతా మా పక్కే!"

కాబోయే మామగారి మీద అరుస్తున్నానన్న స్పృహ కూడా లేదు నాకు. దారు మెల్లగా ఇటు తిరిగాడు. మహేంద్రగిరి అంటే ఏమిటని అడిగాడు. కొండ అన్నాను. మీ రాష్ట్రంలో ఉందా? లేదు. కనిపిస్తుందా? బ్రహ్మాండంగా! ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గాని నేనేమన్నానో నాకు తెలియలేదు. గుమ్మంలో నిలబడి వింటున్న నైరోబీ చప్పట్లు కొట్టి, "నేను మొదట్నుంచీ అంటున్నది అదే కదా సార్!" అన్నాడు. దారు మంచం కిర్రుకిర్రుమనేలా నవ్వి, "సార్, మీరు కెన్యా!" అన్నాడు. ఏమంటున్నాడని మావ పట్టుబడితే నా గురించి నేనే అనువదించుకోవలసి వచ్చింది. మావ కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "ఒడిశావోడు ఇన్నాడంటే ఆడూ అలిగి పడుకుంటాడ్రా!"

దారు లేచాడు. నల్ల రంగు తెచ్చి కెన్యా కొట్టేసి టాంజానియా అని రాశాడు. నైరోబీ దాని కింద చిన్న అక్షరాలతో "కెన్యా నుంచి చూస్తే" అని చేర్చాడు. దారు చూశాడు గాని చెరపలేదు. ఛైర్మన్ గారు పిలావ్ మారు వడ్డించుకుని తిన్నారు. సాయంత్రం బస్సెక్కుతూ మావ, "పిల్లనిచ్చీసినట్టే. ఆ కొండ మీ జిల్లాదని మాత్రం నా కూతురి కాడ అనకు" అన్నాడు.

అనకుండా ఎలా ఉంటాను? వాన వెలిసిన సాయంత్రం మందసలో మా డాబా ఎక్కితే మహేంద్రగిరి నీలంగా ఎదురుగా నిలబడుతుంది. "అదిగో, మన కొండ" అని మా పాపకి చూపిస్తాను. "మీదేటి బావా, ఒడిశాది" అని కింద నుంచి మా ఆవిడ వెంటనే అందుకుంటుంది. కొండే కదా అని పెద్దమనిషి తీర్పులు చెప్పిన ఆనాటి వార్డెన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. వాళ్లిద్దరూ చదువులై వెళ్లిపోయాక మళ్లీ చూడలేదు, బెంగగా కూడా ఉంటుంది. ఎప్పటికైనా ఇద్దర్నీ ఈ డాబా మీద నిలబెట్టి, ఈ కొండ ఎవరిదో చెప్పమని దారునే అడగాలని ఉంది. ఏం చెబుతాడో నాకు తెలుసు. అయినా వాడి నోట వినాలని.