వాదానికి మనిషి దొరకని ఇల్లు

నిజాం రాజ్యానికి కాపురం మార్చినప్పుడు మేము పరాయి దేశానికి వెళుతున్నామనే అనుకున్నాం. అందులో తప్పేమీ లేదు. సరిహద్దు దగ్గర సుంకం జవాన్లు మా పెట్టె విప్పించి చీరల మడతలు కూడా వెతికారు. ఇవతలికి వచ్చాక నాణెం వేరు, తపాలా బిళ్ల వేరు, కచేరీ భాష వేరు. సిద్దిపేటలో ఒక ధాన్యం వర్తకుడి దగ్గర తెలుగు ఉత్తరాలు రాసే కొలువు నాది. మా ఆవిడ బజారులో గోంగూర అడిగితే లేదన్నారు. ఎదురుగా ఉన్నది అదే. ఇక్కడ దాన్ని పుంటికూర అంటారు.

ఇవన్నీ నాలుగు రోజుల్లో అలవాటయ్యేవే. మా భయం వేరు. నా భార్య చిన్నతనంలోనే మొదటి భర్తను పోగొట్టుకుంది. నేను ఆమెను సభాముఖంగా పెళ్లి చేసుకున్నాను. ఆ సభలో చప్పట్లు కొట్టిన పెద్దమనుషులే మర్నాడు మాకు అద్దెకు ఇల్లు లేదన్నారు. ఊరు మారితే ఎవరో ఒక చుట్టం వచ్చి ఇంటివాళ్లకు సంగతి చెప్పేవాడు, మేము మళ్లీ సామాను కట్టుకునేవాళ్లం. "అక్కడా పొమ్మంటే ఇంకెక్కడికీ రాలేను" అని ఆమె దారిలోనే చెప్పింది.

ఇల్లు కిరాయికిచ్చింది సేద్యం చేసుకునే ఇంటి ముసలమ్మ. దిగిన రోజే ఆమెకు చెప్పేద్దామన్నాను.

"ముందు పొయ్యి రాజుకోనివ్వండి. మీ సత్యం పొద్దుటికి చల్లారిపోదు లెండి" అంది మా ఆవిడ.

మర్నాడు ముసలమ్మే కదిపింది. వాకిట్లో చేటతో జొన్నలు చెరుగుతూ, "మీ అత్తగారోళ్లు ఎవరన్న చూడవస్తరా బిడ్డా?" అంది.

మా ఆవిడ నా వైపు చూసింది. "ఏ అత్తగారని చెప్పను అవ్వా? నాకిది రెండో పెళ్లి" అనేసింది.

ఆమెను ఒంటరిగా నిలబెట్టకూడదని నేను అందుకున్నాను. స్మృతులన్నాను, యుక్తి అన్నాను, పెళ్లాం పోయిన మగవాడికి అంటని మైల ఆడదానికెలా అంటిందన్నాను. పండితుల నోరు మూయించిన వాదమంతా ఆ వాకిట్లో దించాను. ముసలమ్మ చేట ఆపలేదు.

"ఏంది పంతులూ, గింతసేపు ఎవలితోని కొట్లాడుతున్నవ్?" అంది చివరికి. "మా కులంల మారుమనువు తాతల కాలం సంది ఉన్నది. మొగడు సచ్చిన పిల్ల ఇంకో ఇల్లు సూసుకుంటది. నేను గీ ఇంటికి గట్ల వచ్చినదాన్నే. గిదానికి గింత సదువు గావాల్నా?"

మేము ఉద్యమమని పిలుచుకునేది ఇక్కడ వాడుక. అయినా ఊరుకోలేక, "మరి పెళ్లిపందిట్లో కూడా నీకు అందరితో సమానమేనా అవ్వా?" అన్నాను.

"మంగళారతి పట్టనియ్యరు. గది తప్పే. గా లొల్లి రేపు పెట్టుకో. జర పక్కకు జరుగు, పొట్టు మీద పడుతున్నది."

పక్కకు జరిగాను. మా ఆవిడ నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. ఆమె వెళ్లి ముసలమ్మ పక్కన కూర్చుని, "అవ్వా, పెరట్లో బీరపాదు పెట్టుకోనా?" అని అడిగింది. అంతకుముందు మేమున్న ఏ ఇంట్లోనూ ఆమె గుప్పెడు తోటకూర విత్తులు కూడా చల్లలేదు.

"వానకాలంల పెట్టు బిడ్డా. గప్పటిదాక నేల తవ్వి పసుల పెండ వేయించు" అంది ముసలమ్మ.

తవ్వే పనికి ఇద్దరూ నా వైపే చూశారు. వానలకు ఇంకా మూడు నాలుగు నెలలుంది. మా ఆవిడ అప్పుడే లేచి చోటు చూసుకోవడానికి పెరట్లోకి వెళ్లింది.