వేలిముద్ర పడని మేస్త్రీ

వీపున సంచితో దేశాలు తిరిగే రోజుల్లో, మస్కట్ నుంచి దుబాయ్ వెళ్ళే బస్సులో నా పక్క సీటాయన జగిత్యాల మేస్త్రీ. దారి పొడవునా బొటనవేలిని నూనె జుట్టుకు రుద్దుకుంటూనే ఉన్నాడు.

"సిమెంటుకు వేలి గీతలు పోయినయ్ తమ్మీ. మిషన్ పట్టకుంటే కొత్త డ్యూటీ పాయె."

సరిహద్దులో వేలిముద్రను మిషన్ పట్టనే లేదు. ఆయన్ను పక్కన నిలబెట్టారు. డ్రైవరు ఐదు నిమిషాలే ఆగుతానన్నాడు. కొట్టు మీద పెరిగినవాణ్ణి కదా, అరగంట అడిగి ఇరవై నిమిషాలకి బేరం కుదిర్చాను. గెలిచానని లోలోపల మురిశాను కూడా.

గడువు అయిపోయింది. మేస్త్రీ కౌంటరు దగ్గర్నుంచే కేకేశాడు: "నువ్ పో తమ్మీ, బండి పోతది!"

ఇంకో ఐదు నిమిషాలు అడగొచ్చు. అడగలేదు. ఎక్కి, ఆయన సీట్లో నా సంచి పెట్టుకున్నాను.